పుట్టుకతో వచ్చింది మారదా? మనుషులు ఇచ్చింది అబద్ధమా?

మీ ప్రశ్న ఇది: "మనిషి ఐడెంటిటీ పుట్టుకతో వస్తుందా, సమాజం తయారు చేస్తుందా? పుట్టుకతో వస్తే ఇక మార్చుకోలేం కదా. సమాజం తయారు చేసిందైతే అది నిజం కాదు కదా. పైగా అన్నీ ఎవరో ఇచ్చినవే అయితే ఇందులో నేనెక్కడున్నాను?"

చాలా ఏళ్లుగా మనస్తత్వశాస్త్రం బోధిస్తున్నాను. మొదటి ప్రశ్నకి "రెండూ కలిసే" అని చెప్పేసి ఊరుకోవడం తేలిక. తప్పు కూడా కాదు. కానీ దానివల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు. నాకు పట్టింపంతా మీ తర్వాతి రెండు వాక్యాల మీదే. పుట్టుకతో వచ్చినదల్లా రాతి మీద గీత, మనుషులు కల్పించినదల్లా నీటి మీద రాత అనే నమ్మకం వాటిలో ఉంది. ఈ చర్చ ఇన్నాళ్లుగా తెగకపోవడానికి ఆ నమ్మకమే కారణమని నా అభిప్రాయం. ఒక లక్షణం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. అది మనలో ఎంత లోతుకు దిగిందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరికినట్టు కాదు.

ముందు పుట్టుక సంగతి. వేరువేరు ఇళ్లలో పెరిగిన కవలల మీద మనస్తత్వవేత్త థామస్ బుషార్డ్ 1979లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలుపెట్టారు. దానికి ప్రేరణ ఇచ్చిన జంట కథ ఇప్పటికీ పత్రికల్లో తిరుగుతూనే ఉంటుంది. నాలుగు వారాల వయసులో విడిపోయిన అన్నదమ్ములు 39 ఏళ్లకు కలుసుకున్నారు. పెంచిన తల్లిదండ్రులు ఇద్దరికీ జేమ్స్ అనే పేరే పెట్టారు. ఇద్దరి మొదటి భార్య పేరూ లిండా, రెండో భార్య పేరూ బెట్టీ. ఈ కథ చెప్పి "చూశారా, అంతా జన్యువుల్లోనే ఉంది" అనేవాళ్లని నమ్మకండి. భార్య పేరు జన్యువుల్లో ఉండదు. ఎన్నో జంటల్ని గంటల తరబడి ప్రశ్నిస్తే ఇలాంటి కాకతాళీయాలు కొన్ని దొరికి తీరతాయి.

కథ పక్కన పెట్టి కొలతలు చూడాలి. 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష అంతకుముందు యాభై ఏళ్ల కవలల పరిశోధనల్ని ఒకచోట చేర్చింది. 2,748 పత్రాలు, కలిపి లెక్కిస్తే సుమారు కోటీ 45 లక్షల కవల జంటల వివరాలు. శరీరం, జబ్బులు, తెలివి, స్వభావం ఇలా వేల లక్షణాలు తీసుకుంటే, మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సగటున 49 శాతం జన్యువుల తేడాలతో ముడిపడి ఉన్నట్టు తేలింది. ఇది చిన్న సంగతేమీ కాదు. పసిబిడ్డ ఏమీ రాయని పలక అనే పాత వాదం దీని ముందు నిలవదు.

అయితే ఈ 49ని చదువుకున్నవాళ్లు కూడా తప్పుగా చదువుతుంటారు. "నాలో సగం రక్తం నుంచి, సగం లోకం నుంచి వచ్చింది" అని అనుకుంటారు. ఇది ఏ ఒక్క మనిషి గురించిన లెక్కా కాదు. ఒక జనాభాలో మనుషుల మధ్య తేడాలు ఎందుకున్నాయో చెప్పే లెక్క. ఎత్తునే తీసుకోండి. పోషణ బాగా ఉన్న సమాజాల్లో ఎత్తుల్లోని తేడాలకు సుమారు 80 శాతం జన్యువులే కారణం. మరి దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీలతో పోలిస్తే 1996లో పుట్టిన స్త్రీలు సగటున 20 సెంటీమీటర్లు పొడవు పెరిగారు. వందేళ్లలో ఒక జాతి జన్యువులు అంతగా మారిపోవు. మారింది బతుకు. జన్యువుల పట్టు ఎక్కువగా ఉన్న లక్షణం కూడా పరిస్థితి మారితే ఇంతగా కదులుతుంది. కాబట్టి "పుట్టుకతో వస్తే మార్చుకోలేం" అన్న మీ మొదటి వాక్యం ఇక్కడే వీగిపోతుంది.

స్వభావం విషయంలో నాకు బాగా నచ్చిన పరిశోధన మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్‌ది. ఆయన బృందం నాలుగు నెలల పసివాళ్లకి కొత్త బొమ్మలు చూపించి, కొత్త గొంతులు వినిపించి గమనించింది. సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ విదిలించి ఏడ్చారు. ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడి చూశారు. వాళ్లలో చాలామంది బిడియస్థులయ్యారు, చాలామంది కాలేదు కూడా. కానీ కొత్తవాళ్లతో చొరవగా, నిర్భయంగా కలిసిపోయే రకంగా మారినవాళ్లు మాత్రం చాలా తక్కువ. అంటే పుట్టుకతో వచ్చిన స్వభావం ఒక గమ్యాన్ని నిర్ణయించదు. కొన్ని దారుల్ని ఎక్కువ కష్టం చేస్తుంది. ఇక ఆ బిడియాన్ని చుట్టూ ఉన్నవాళ్లు ఏమని పిలుస్తారన్నది వేరే విషయం. ఒకచోట దాన్ని నెమ్మదితనం అంటారు, ఇంకోచోట చేతకానితనం అంటారు. ఒకే రకం శరీరంతో పుట్టిన ఇద్దరిలో ఒకడు "నేను నిదానస్తుణ్ణి" అని, ఇంకొకడు "నేను పిరికివాణ్ణి" అని చెప్పుకుంటూ పెరుగుతారు. గుండె దడ పుట్టుకతో వచ్చిందే. ఆ వాక్యం మాత్రం మనుషుల దగ్గర నేర్చుకున్నది. ఐడెంటిటీ అని మనం అనేది ఎక్కువగా ఆ వాక్యమే.

ఇంకో అడుగు ముందుకు వేద్దాం. మనలో పుట్టుకతో వచ్చిన తేడాలు లెక్కలేనన్ని. వాటిలో "నేనెవరు" అన్నదాంట్లో ఏది చేరుతుందో ఎవరు నిర్ణయిస్తున్నారు? రక్తం గ్రూపు పూర్తిగా పుట్టుకతో వచ్చేది. ప్రపంచంలో ఎక్కువమందికి అది ఆసుపత్రి కాగితం మీద ఒక అక్షరం మాత్రమే. జపాన్‌లో మాత్రం 1927లో టకేజీ ఫురుకావా రక్తం గ్రూపుకీ స్వభావానికీ సంబంధం ఉందని రాశారు. 1970ల్లో ఆ ఆలోచన మళ్లీ పుంజుకుని జనంలోకి బాగా వెళ్లిపోయింది. ఏ గ్రూపు వాళ్లు క్రమశిక్షణ కలవాళ్లు, ఏ గ్రూపు వాళ్లు స్వార్థపరులు అన్నది అక్కడ అందరికీ తెలిసిన మాట అయిపోయింది. వేలమందితో చేసిన సర్వేల్లో అలాంటి సంబంధమేదీ తేలలేదు. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకో సంగతి. ఆ నమ్మకం బాగా వ్యాపించిన కాలంలో జనం తమ గురించి తాము చెప్పుకున్న వివరణలు ఆ మూసవైపు కొంత జరిగాయని అక్కడి పరిశోధకులు గమనించారు. రక్తం నూటికి నూరుపాళ్లు పుట్టుకది. దానికి అంటిన అర్థం నూటికి నూరుపాళ్లు మనుషులు ఇచ్చింది. ఆ అర్థం మళ్లీ తిరిగి వచ్చి మనిషి తనను తాను చూసుకునే తీరుని మార్చింది. తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ చాలా ఏళ్లు వెంటాడింది ఈ చక్రాన్నే. రాయికి పేరు పెడితే రాయి మారదు. మనిషికి పేరు పెడితే మనిషి ఆ పేరు విని మారతాడు. అప్పుడు ఆ పేరు అర్థం కూడా మారాల్సివస్తుంది.

ఇక మీ రెండో వాక్యం: సమాజం చేసిందైతే నిజం కాదు.

కొరియాలో పుట్టి, మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో ఫ్రెంచ్ కుటుంబాలకి దత్తత వెళ్లినవాళ్ల మీద 2003లో ఒక పరిశోధన వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లవాడంటే కొరియన్ భాష ధారాళంగా మాట్లాడేవాడే. పెద్దయ్యాక వాళ్లకి కొరియన్ వాక్యాలు వినిపిస్తూ మెదడు స్కాన్ తీశారు. వాళ్ల మెదళ్లు ఆ భాష ఎప్పుడూ వినని ఫ్రెంచ్ వాళ్ల మెదళ్లలాగే స్పందించాయి. 2005లో మరో పరిశోధన ముఖాల గురించి వచ్చింది. మనకి అలవాటైన జాతి ముఖాల్ని గుర్తుపట్టినంత బాగా వేరే జాతి ముఖాల్ని గుర్తుపట్టలేం. ఇది మామూలుగా కనిపించే విషయం. అలా కొరియా నుంచి దత్తత వెళ్లినవాళ్లు కొరియన్ ముఖాలకన్నా యూరోపియన్ ముఖాల్నే బాగా గుర్తుపట్టారు. ముఖాన్ని చూసే తీరు కూడా పెంపకంతో వచ్చిందే. ఇది వేషం ఎలా అవుతుంది? మీరు తలచుకుంటే రేపు పొద్దున్న మాతృభాష అర్థం కాకుండా వినగలరా?

ఇక్కడో సవరణ చెప్పాలి. 2014లో చైనా నుంచి పసితనంలోనే ఫ్రెంచ్ మాట్లాడే కెనడా కుటుంబాలకి వచ్చిన పిల్లల్ని పరిశీలించారు. చైనీస్ ఒక్క ముక్క కూడా రాదు వాళ్లకి. అయినా ఆ భాషలోని స్వరాల ఎత్తుపల్లాలు వినిపిస్తే వాళ్ల మెదడు చైనీస్ వచ్చినవాళ్ల మెదడులాగే పనిచేసింది. పోయిందనుకున్నది పూర్తిగా పోలేదు. పసితనంలో కొద్దికాలం విన్న మాటలు ఆ లోతులో నిలిచిపోయాయి. గమనించండి, నిలిచిపోయింది కూడా మనుషుల నుంచి వచ్చినదే. అసలు పుట్టిన రోజుకే ఈ పని మొదలైపోయి ఉంటుంది. ఫ్రెంచ్, జర్మన్ తల్లులకు పుట్టిన కొద్దిరోజుల పసికందుల ఏడుపుని 2009లో రికార్డు చేసి పోల్చారు. ఫ్రెంచ్ పిల్లల ఏడుపు ఎక్కువగా పైకి లేస్తూ పోతుంది, జర్మన్ పిల్లలది దిగుతూ వస్తుంది. ఆ రెండు భాషల వాక్యాలు సాగే తీరూ అదే. కడుపులో ఉండగానే విన్నారు. మరి ఆ ఏడుపు పుట్టుకతో వచ్చిందందామా, సమాజం నేర్పిందందామా? అడ్డంగా ఒక గీత గీసి ఇటు ప్రకృతి, అటు సమాజం అని పంచిపెట్టడం ఎందుకు కుదరదో ఇంతకంటే చిన్న ఉదాహరణలో చెప్పలేను.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రైమర్ అనే మగబిడ్డకి ఎనిమిది నెలల వయసులో సున్తీ ఆపరేషన్ వికటించి అవయవం దెబ్బతింది. ఆడపిల్లగా పెంచితే ఆడపిల్లే అవుతాడని మనస్తత్వవేత్త జాన్ మనీ సలహా ఇచ్చారు. శస్త్రచికిత్స చేసి, పేరు మార్చి, అలాగే పెంచారు. ప్రయోగం ఫలించిందని 1970ల్లో పాఠ్యపుస్తకాలు కూడా రాశాయి. నిజానికి ఆ బిడ్డ చిన్నప్పటి నుంచీ ఆ పాత్రలో ఇమడలేదు. పద్నాలుగేళ్లకి అసలు సంగతి తెలియగానే అబ్బాయిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో ఆ నిజం పరిశోధన పత్రంగా బయటికొచ్చింది. 2004లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఒక్క మనిషి కథతో శాస్త్రం తేలదు. తల్లిదండ్రులకి నిజం తెలుసు, ఏటేటా ఆ బిడ్డని అవమానకరమైన పరీక్షలకి గురిచేశారు, అవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి. అయినా పెంపకం తలచుకుంటే ఎవర్నైనా ఎలాగైనా మలచగలదన్న ధీమా ఎంత క్రూరంగా మారగలదో చూడటానికి ఈ ఒక్క కథ చాలు. పేరు, బట్టలు, మందులు, అమ్మ మాట అన్నీ ఒకవైపు లాగినా ఆ బిడ్డలో ఏదో ఒకటి కదలలేదు.

భాష పెంపకంతో వచ్చి మెదడులో పాతుకుపోయింది. ఎత్తు జన్యువులతో వచ్చి తరతరానికీ కదిలింది. తాను అబ్బాయినన్న భావన మాత్రం ఎంత తోసినా ఉన్నచోటే ఉంది. మూలాన్ని బట్టి లోతుని ఊహించలేమని నేను మొదట అన్నది ఇందుకే. ఒక్కో విషయాన్నీ విడిగా చూసి తెలుసుకోవాల్సిందే.

వట్టి కాగితం మీద పుట్టిన గుర్తింపు ఎంత నిజమవుతుందో చెప్పడానికి ఆఫ్రికా దేశం రువాండాని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అక్కడి రెండు వర్గాలు హుటూలు, టుట్సీలు ఒకే భాష మాట్లాడేవాళ్లు, ఒకే కొండల మీద పక్కపక్కన బతికేవాళ్లు, పెళ్లిళ్లు కూడా చేసుకునేవాళ్లు. ఆ తేడా కొంతవరకు హోదాకి సంబంధించినది, ఆస్తి పెరిగితే ఇటువాళ్లు అటు వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 1930ల్లో బెల్జియం పాలకులు ప్రతి ఒక్కరికీ గుర్తింపు కార్డు ఇచ్చి, దాని మీద ఎవరు ఏ జాతో రాసేశారు. తండ్రిది ఏదైతే బిడ్డకీ అదే. కదిలే గీత గడ్డకట్టింది. 1994లో టుట్సీల్ని ఏరి చంపడానికి రోడ్లకి అడ్డంగా నిలబడ్డ హంతకులు అడిగింది ఆ కార్డునే. సుమారు వంద రోజుల్లో ఎనిమిది లక్షల మంది దాకా చనిపోయారు. ఇది సమాజం కల్పించింది కాబట్టి నిజం కాదని ఆ కుటుంబాల ముందు ఎవరనగలరు?

హెన్రీ టాజ్‌ఫెల్‌కి ఈ సంగతి స్వానుభవం. పోలండ్‌లో పుట్టిన యూదు ఆయన. రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచ్ సైనికుడిగా జర్మన్లకి చిక్కారు. పోలండ్ యూదు అని కాకుండా ఫ్రెంచ్ యూదుగా నమోదు కావడం వల్ల యుద్ధఖైదీగా బతికి బయటపడ్డారు. తిరిగొచ్చేసరికి సొంతవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. ఆ మనిషే తర్వాత సామాజిక మనస్తత్వవేత్త అయ్యి, గుంపులు ఏర్పడటానికి కనీసం ఏం కావాలో వెతికారు. 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో 14, 15 ఏళ్ల స్కూలు పిల్లల్ని, తెరమీద చుక్కల్ని ఎలా అంచనా వేశారు, ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి అనే సాకులతో రెండు గుంపులుగా విడగొట్టారు. నిజానికి విడగొట్టింది ఏ ఆధారమూ లేకుండానే. తమ గుంపులో ఎవరున్నారో కూడా వాళ్లకి తెలియదు. అయినా డబ్బు పంచమంటే తమవాళ్లకే ఎక్కువ ఇచ్చారు. తమ గుంపుకి వచ్చే మొత్తం కాస్త తగ్గినా సరే, అవతలి గుంపుకన్నా ఎక్కువ తేడా ఉండేలా పంచినవాళ్లూ ఉన్నారు. గుంపులు కట్టే తత్వం మనందరిలో ఉన్నదే. ఏ గీత మీద కట్టాలన్నది మాత్రం బయటి నుంచి వస్తుంది, ఎంత పనికిమాలిన గీతైనా సరిపోతుంది.

ఈ చర్చకి గౌరవం, హక్కులు అనే విషయాన్ని ముడిపెట్టేవాళ్లు ఎక్కువ. "ఇది నేను ఎంచుకున్నది కాదు, ఇలా పుట్టాను, కాబట్టి నన్ను గౌరవించండి" అనే మాట వెనకున్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ వాదం మీద బరువంతా పెట్టొద్దని చెప్తాను. పుట్టుకే సర్వస్వమన్న నమ్మకంతోనే అమెరికాలో "బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల" కి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్లు చేశారు. 1927లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. 60,000 మందికి పైగా బలయ్యారు. పెంపకమే సర్వస్వమన్న నమ్మకంతో కెనడాలో లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రులకి దూరం చేసి, వాళ్ల భాష మాన్పించడానికి బడుల్లో పెట్టారు. రెండు సిద్ధాంతాలూ కొరడా అందించగలవు. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం చూడండి. మతాన్ని, నమ్మకాన్ని మార్చుకునే స్వేచ్ఛ కూడా హక్కేనని అందులో ఉంది. మతం ఎవరికీ జన్యువుల్లో రాదు, అయినా దానికి రక్షణ ఉంది. మార్చుకోగలిగిన దాన్ని కూడా మార్చుకోమని ఒత్తిడి చేసే అధికారం ఇంకొకరికి లేదన్నది అక్కడి ఆలోచన. జీవశాస్త్రం సాక్ష్యం లేకుండానే నిలబడే వాదం ఇది.

చివరిది, "ఇందులో నేనెక్కడున్నాను?" అన్నది. ఇది అడిగేటప్పుడు మీ మాటల్లో టెన్షన్ కనిపించింది. ఇతరులు ఇచ్చిన పొరలన్నీ ఒలుచుకుంటూ పోతే లోపల స్వచ్ఛమైన "నేను" దొరకాలని మీరు ఆశిస్తున్నట్టున్నారు. అది దొరకదు, దొరకకపోవడం నష్టమూ కాదు. మనస్తత్వవేత్త గోర్డన్ గ్యాలప్ 1970లో మత్తులో ఉన్న చింపాంజీల కనుబొమ్మ మీద రంగు పూసి, మెలకువ వచ్చాక అద్దం ముందు ఉంచారు. అవి అద్దంలో చూసుకుని తమ ముఖం మీదున్న రంగునే తడుముకున్నాయి. ఆ తర్వాత, పుట్టినప్పటి నుంచీ తోటివాటికి దూరంగా ఒంటరిగా పెరిగిన చింపాంజీలతో అదే పరీక్ష చేస్తే, అవి తమను తాము గుర్తుపట్టలేకపోయాయి. "నేను" అనే ఎరుక మొలకెత్తడానికే ఇతరులు కావాలి. అందుకని ఇతరుల నుంచి వచ్చింది కాబట్టి నాది కాదు అనే లెక్క కుదరదు.

మీది కావడం ఇంకో రకంగా జరుగుతుంది. మనస్తత్వవేత్త జేమ్స్ మార్సియా 1966లో యువకుల్ని వృత్తి, మతం, రాజకీయాల గురించి విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్లలో ఇద్దరు ఒకే నమ్మకాన్ని గట్టిగా చెప్పారనుకోండి. ఒకరు ఇంట్లో ఇచ్చింది ఇచ్చినట్టు పట్టుకున్నవాళ్లు, ప్రశ్నించనే లేదు. ఇంకొకరు ఒకసారి దాన్ని పక్కన పెట్టి, వేరేవి చూసి, తిరిగి దాన్నే ఎంచుకున్నవాళ్లు, లేదా వదిలేసి ఇంకోటి తీసుకున్నవాళ్లు. విషయం ఒకటే అయినా పట్టుకున్న తీరు వేరు. విమర్శ ఎదురైనప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మొదటివాళ్లు బిగుసుకుపోతారు, రెండోవాళ్లు మాట్లాడగలరు. ఎరిక్ ఎరిక్సన్ యవ్వనంలో వచ్చే ఈ కల్లోలానికి "ఐడెంటిటీ క్రైసిస్" అని పేరు పెట్టారు. ఆయనకి సొంత తండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. సవతి తండ్రి ఇంటిపేరుతో పెరిగి, 1939లో అమెరికాలో పౌరసత్వం తీసుకునేటప్పుడు ఎరిక్సన్ అనే ఇంటిపేరు తానే పెట్టుకున్నారు.

మీరు ఇప్పుడు చేస్తున్నది కూడా ఆ పరిశీలనే. మీకు ముఖ్యమనిపించే రెండు మూడు గుర్తింపుల్ని తీసుకోండి. భాష, మతం, వృత్తి, స్త్రీ పురుష భావన, ఏదైనా. ఒక్కోదాని గురించి విడిగా అడుగుతూ పోండి: ఇది లేని నన్ను ఊహించుకోగలనా, దీన్ని ఎప్పుడైనా నిజంగా పక్కన పెట్టి చూశానా, దీని వల్ల ఎవరినైనా తక్కువగా చూస్తున్నానా? ఒక్కోదానికి ఒక్కో రకం జవాబు వస్తుంది, రావాలి కూడా. తొందరేమీ లేదు. ముప్పై దాటాక కూడా ఈ పని పూర్తికానివాళ్లు చాలామంది ఉంటారని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఒకసారి తేల్చుకున్నవాళ్లు కూడా ఉద్యోగం పోయినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో, దేశం మారినప్పుడో మళ్లీ మొదటికొస్తుంటారు.